ధర పెంచుటకు అనుమతి

విద్యుత్తు ధర పెంచదలచిన సంస్థ, ఆ పెంపునకు గల కారణములను అంకెలతో సహా ముందుగా ప్రకటించి, ఆ అంకెలను ఎవరైనను ప్రశ్నించుటకు గడువిచ్చి, ఒక స్వతంత్ర మండలి యెదుట నిలిచి సమాధానము చెప్పుకొన్న తరువాతనే, తాను కోరినదానిలో ఎంత న్యాయమో ఆ మండలి చేత తేల్పించుకొనవలెనన్న ఆచారము తెలుగునాట వేళ్ళూని ఇంకను మూడు దశాబ్దములు నిండలేదు. అంతకు పూర్వము బోర్డు నిర్ణయించెడిది, సచివాలయము సరేననెడిది, వినియోగదారుడు మరునాటి పత్రికలో చదువుకొనెడివాడు. ఈ ఆచారము ఎక్కడ పుట్టినది, మన యొద్దకు ఏ త్రోవను వచ్చినది, వచ్చిన పిమ్మట ఎన్ని దెబ్బలు తిన్నది అను వృత్తాంతమునకు మన సాంఘిక చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదని నా నమ్మకము.

దాని మూలము అమెరికాదేశమున ధాన్యపు గిడ్డంగుల యొద్ద కలదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఆ దేశపు మధ్యభాగమందలి మైదానములలో పండిన గోధుమలును మొక్కజొన్నలును చికాగో నగరమునకు చేరి, అచటి ఎత్తయిన గిడ్డంగులలో నిలువయుండి, ఓడలమీదను రైళ్ళమీదను తూర్పు పట్టణములకు పోవుచుండెను. ఆ గిడ్డంగులు కొద్దిమంది యజమానుల చేతిలో నుండుటచేతను, వారు ఏటేట తమలో తాము కూడబలుకుకొని అద్దెలు నిర్ణయించుకొనుచుండుటచేతను, రైతునకు వేరు దారి లేకుండెను. రైతులు సంఘములుగా ఏర్పడి పోరాడగా, ఇలినాయి రాష్ట్ర శాసనసభ 1871లో ఆ అద్దెలకు గరిష్ఠపరిమితి విధించెను. తమ సొత్తుపై తాము కోరిన అద్దె పుచ్చుకొనుటను అడ్డగించు హక్కు ప్రభుత్వమునకు లేదని యజమానులు సుప్రీంకోర్టు వరకు పోయిరి. 1877లో వెలువడిన ‘మన్ వర్సెస్ ఇలినాయి’ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి వెయిట్, పదునేడవ శతాబ్దపు ఆంగ్ల న్యాయవేత్త మాథ్యూ హేల్ రేవులను గూర్చి వ్రాసిన గ్రంథమునుండి ఒక సూత్రమును వెలికి తీసెను. రేవుపట్టణమున సరకు దింపుటకు ఒక్కటే ఘట్టమున్నప్పుడు దాని యజమాని ఇచ్చవచ్చిన సుంకము పుచ్చుకొనరాదనియు, ప్రజలందరును తప్పక ఆశ్రయింపవలసిన వ్యాపారమందు తన సొత్తును నిలిపినవాడు ఆ మేరకు దానిపై ప్రజలకును అధికారమిచ్చినవాడే యగుననియు ఆ సూత్రముయొక్క భావము. నేడు విజయవాడలోనో వరంగల్లులోనో కరెంటు చార్జీలపై అభ్యంతరపత్రము సమర్పించు వినియోగదారుడు, తానెరుగకయే, ఈ సూత్రముపై నిలిచి మాటలాడుచున్నాడు.

గిడ్డంగులకు చెల్లిన న్యాయము గ్యాసునకును కరెంటునకును చెల్లుటకు ఆలస్యము కాలేదు. మసాచుసెట్స్ రాష్ట్రము 1885లోనే గ్యాసు కంపెనీలపై ఒక బోర్డును నియమించెను. కొలది కాలమునకే విద్యుద్దీపముల కంపెనీలును దాని క్రిందికి వచ్చెను. అయితే ఈ పద్ధతి దేశమంతట వ్యాపించుటకు తోడ్పడినవారిలో విద్యుత్ వ్యాపారులు సైతము ఉండిరన్నది గమనింపదగిన విషయము. ఒకప్పుడు ఎడిసన్ యొద్ద కార్యదర్శిగా పనిచేసి, తరువాత చికాగోలో విద్యుత్ సామ్రాజ్యమును కట్టిన శామ్యూల్ ఇన్సల్, 1898లో తన తోటి వ్యాపారుల సభకు అధ్యక్షుడుగా నుండి, ఒక ప్రాంతమున ఒకే కంపెనీకి సరఫరా హక్కు ఇచ్చి, అందుకు ప్రతిగా ధరలను రాష్ట్రప్రభుత్వము నిర్ణయించుట మేలని వాదించెను. పోటీలో ఒకే వీథిన రెండు కంపెనీలు రెండు తీగలు లాగుకొని ఉభయులును నష్టపోవుటకంటె, లాభము కొంత తగ్గినను స్థిరముగా నుండుట మంచిదని అతని లెక్క. సంస్కర్తలు కోరినదియు, వ్యాపారి కోరినదియు ఒక్కచోట కలిసినవి. 1907లో విస్కాన్సిన్, న్యూయార్కు రాష్ట్రములు బలమైన అధికారములుగల కమిషన్లను నెలకొల్పెను. ఈ పుట్టుకలోనే ఈ ఆచారముయొక్క బలమును బలహీనతయు రెండును ఇమిడియున్నవి. ఏకస్వామ్యమును ఒప్పుకొనుట అందులో మొదటి మెట్టు. ఆ ఏకస్వామ్యముచేత జవాబు చెప్పించుట రెండవ మెట్టు. మొదటిది తనంతట తానే నిలుచును. రెండవదానిని ఎవరైనను నిలబెట్టుచుండవలెను.

జవాబు చెప్పించుట సరే, ఏ కొలతతో? ఈ ప్రశ్నపై అమెరికా న్యాయస్థానములు అరువది యేండ్లకు పైగా పెనుగులాడినవి. 1898 నాటి ‘స్మిత్ వర్సెస్ ఏమ్స్’ తీర్పు కంపెనీకి దాని ఆస్తియొక్క ‘న్యాయమైన విలువ’పై రాబడి ఉండవలెనని చెప్పగా, కంపెనీలు తమ ఆస్తులను ఈనాడు మరల కట్టవలసివచ్చినచో ఎంత ఖర్చగునో అంచనాలు వేయించి, ఆ పెద్ద మొత్తముపై లాభమడుగసాగెను. నిజముగా పెట్టిన పెట్టుబడి ఎంతయో దానినే చూడవలెనని 1923లో న్యాయమూర్తి బ్రాండైస్ వాదించినను, అది అప్పటికి మెజారిటీ అభిప్రాయము కాలేదు. ఈ చిక్కు విడినది సహజవాయువు వ్యాజ్యమున. వెస్ట్ వర్జీనియా బావుల వాయువును ఒహాయో పట్టణములకు అందించు హోప్ నేచురల్ గ్యాస్ కంపెనీ అధికధర పుచ్చుకొనుచున్నదని క్లీవ్‌లాండ్, యాక్రన్ నగరములు 1938లో ఫెడరల్ పవర్ కమిషనునకు ఫిర్యాదు చేసెను. ధర లెక్కించుటకు ఆధారమైన తన ఆస్తి విలువ 6 కోట్ల 60 లక్షల డాలర్లని కంపెనీ చెప్పెను. ఖాతాపుస్తకములను తిరగవేసిన కమిషన్, అసలు పెట్టుబడిలో అరుగుదల పోగా మిగిలినది 3 కోట్ల 37 లక్షలేనని తేల్చి, దానిపై ఆరున్నర శాతము రాబడి చాలునని, ఏటా 36 లక్షల డాలర్లు తగ్గించుకొనుమని ఆజ్ఞాపించెను. 1944లో సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను నిలబెట్టెను. ఏ సూత్రముతో లెక్కించితిరన్నది ముఖ్యము కాదనియు, ఫలితము వినియోగదారునకును పెట్టుబడిదారునకును న్యాయముగా నున్నదా లేదా అన్నదే చూడవలెననియు న్యాయమూర్తి డగ్లస్ ఆ తీర్పులో వ్రాసెను.

మన దేశమున ఈ చర్చ జరిగిన జాడలు తొలినాళ్ళలో కానరావు. 1910 నాటి విద్యుత్ చట్టము కంపెనీలకు లైసెన్సులిచ్చెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము, ప్రైవేటు లైసెన్సుదారుల లాభమునకు తన ఆరవ అనుబంధమున హద్దు గీసినదే కాని, తానే సృష్టించిన రాష్ట్ర విద్యుత్ బోర్డులకు మాత్రము తమకు తోచిన ధర నిర్ణయించుకొను స్వేచ్ఛనొసగెను. ప్రభుత్వసంస్థ ప్రజలకు అన్యాయము చేయదన్న ఆనాటి విశ్వాసము అందులో కనబడుచున్నది. పల్లెపల్లెకు తీగలు లాగవలసిన ఆ దినములలో ఆ విశ్వాసమునకు అర్థము లేకపోలేదు. 1959 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు నాలుగు దశాబ్దములు ఈ స్వేచ్ఛతోనే నడిచెను. చట్టమున సలహాసంఘము ఒకటి లేకపోలేదు. కాని, చార్జీల పెంపును ప్రశ్నించుచు హిందుస్థాన్ జింక్ మొదలైన పెద్ద వినియోగదారులు వేసిన వ్యాజ్యమున, ఆ సంఘమును సంప్రదింపకపోయినంత మాత్రమున పెంపు చెల్లకపోదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పెను. అంతటి పెద్ద కర్మాగారములకే అడుగు హక్కు లేనప్పుడు, రెండు బల్బులు వెలిగించుకొను ఇంటివానికి ఎక్కడిది?

వినియోగదారుని అడుగకుండ ధర పెంచగల సంస్థ, అదే రీతిని ప్రభుత్వము మాటపై ధర తగ్గింపను గలదు. 1980ల తొలినాళ్ళలో వ్యవసాయపు పంపుసెట్లకు మీటర్లు తీసివేసి, హార్స్‌పవరునకు ఇంతయని స్లాబు పద్ధతి పెట్టిరి. నందమూరి తారకరామారావు ప్రభుత్వము దానిని హార్స్‌పవరునకు ఏడాదికి 50 రూపాయలు చేసెను. మెట్టప్రాంతపు రైతు బావులు త్రవ్వుకొని, బోర్లు వేసికొని, నాలుగు గింజలు పండించుకొనుటకు ఈ రాయితీ చేసిన మేలును ఎవరును కాదనలేరు. దాని వెంట వచ్చిన చేటు వేరొకటి: మీటరు పోవుటతో లెక్క పోయినది. పంపుసెట్లు ఎంత కరెంటు వాడినవో ఎవరికిని తెలియనందున, దొంగతనముగా పోయిన కరెంటును, నాసిరకపు తీగలలో వేడియై పోయిన కరెంటును సైతము వ్యవసాయపు పద్దున వ్రాయుటకు వీలు కలిగెను. 1990ల నడుమవరకు ఇరువది శాతము లోపని చూపబడుచుండిన నష్టములు, సంస్కరణల సందర్భమున తిరిగి లెక్కించగా ముప్పది శాతము దాటినవి. రైతునకు ఇచ్చితిమన్న కరెంటులో ఇంత భాగము రైతునకు చేరనేలేదన్నమాట. అపకీర్తి మాత్రము అతనికి చేరినది.

1995లో రాష్ట్రప్రభుత్వము నియమించిన హితేన్ భయ్యా సంఘము బోర్డును విభజించి, ధరల నిర్ణయమును స్వతంత్ర కమిషనునకు అప్పగించవలెనని సూచించెను. ఒరిస్సా అప్పటికే ఆ త్రోవ పట్టియుండెను. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టము చేసెను. 1999 ఫిబ్రవరి 1న బోర్డు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కో అను రెండు సంస్థలుగా చీలెను. ఆ నెలలోనే ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల ఋణము మంజూరు చేసెను. ఆ వసంతమున జి.పి. రావు అధ్యక్షుడుగా విద్యుత్ నియంత్రణ మండలి పని ప్రారంభించెను. జనులు దానిని ఈఆర్‌సీ యనిరి. ఈ కొత్త మండలి మొదటి పని చార్జీలు పెంచుటయే యగుట దాని దురదృష్టము. ట్రాన్స్‌కో సమర్పించిన ప్రతిపాదనలను విచారించి, 2000 మే నెలాఖరున అది వెలువరించిన తొలి టారిఫ్ ఉత్తర్వు రాష్ట్రమును కుదిపివేసెను. ధర పెంచినది స్వతంత్ర మండలియని ప్రభుత్వము, ప్రపంచబ్యాంకు షరతని ప్రతిపక్షములు వాదించుకొనుచుండగా, వేసవి గడచి వానాకాలము వచ్చునప్పటికి ఊరూర బిల్లులు తగులబెట్టుట, సబ్‌స్టేషన్ల ముట్టడి సాగినవి. కాంగ్రెసు శాసనసభ్యులు నిరాహారదీక్ష పూనిరి. వామపక్షములు పిలుపునీయగా 2000 ఆగస్టు 28న శాసనసభకు బయలుదేరిన వేలాది జనమును హైదరాబాదున బషీర్‌బాగ్ కూడలియొద్ద పోలీసులు అడ్డగించిరి. నీటిఫిరంగులు, గుఱ్ఱపు దళములు, లాఠీలు, పిదప తుపాకులు. ఆ కాల్పులలో ముగ్గురు ఉద్యమకారులు అసువులు బాసిరి. ఏటేట ఆగస్టు 28న అచటి స్మారకస్తంభమునకు పూలదండలు పడుచున్నవి.

బషీర్‌బాగ్ తరువాత ఏ ముఖ్యమంత్రియు కరెంటు చార్జీల మాటను తేలికగా ఎత్తలేదు. రాజకీయముగా దాని ఫలితమును 2004 ఎన్నికలలో అందరును చూచిరి. కాని ఆ నెత్తుటినుండి వచ్చిన మరియొక ఫలితమును అంతగా గుర్తింపరు. మండలి విచారణలకు జనము రాసాగిరి. వీథిలో నినాదముగా నుండిన ప్రశ్న విచారణశాలలో అంకెగా మారినది.

అట్టి విచారణ ఎట్లుండునో చూడనివారికి కొంత చెప్పవలెను. పంపిణీ సంస్థలు, అనగా నేటి డిస్కంలు, రాబోవు సంవత్సరమునకు కరెంటు కొనుగోలునకింత, తీగల నిర్వహణకింత, జీతములకింత, వడ్డీకింత యని ‘వార్షిక ఆదాయ అవసరాల నివేదిక’ను మండలికి సమర్పించును. పత్రికలలో ప్రకటన పడును. అభ్యంతరములున్నవారు వ్రాసి పంపగా, సంస్థ వానికి వ్రాతపూర్వకముగా బదులీయవలెను. విచారణదినమున వేదికపై మండలి అధ్యక్షుడును సభ్యులును, ఒక ప్రక్క డిస్కం అధికారులును, ఎదుట కుర్చీలలో జనమును. పేరుపేరున పిలుతురు. పరిశ్రమల సంఘపు ప్రతినిధి క్రాస్ సబ్సిడీ, అనగా ఇతరుల రాయితీకై తమ చార్జీలలో కలుపు భారమును గూర్చి ఆంగ్లమున వాదించి కూర్చుండగానే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదిదినములైనను మార్చువారు లేక, రైతులే చందాలు వేసికొని దానిని ట్రాక్టరుపై పట్టణమునకు మోసికొనిపోయిన సంగతిని ఒక పల్లెటూరి రైతు తెలుగున చెప్పును. సిరిసిల్ల మరమగ్గములవారు, భీమవరము ప్రాంతపు చేపల చెరువులవారు, క్షౌరశాలలవారు, తమ తమ కష్టములతో వత్తురు. వీరి నడుమ, ఏ జీతమును లేక, సంవత్సరము తరువాత సంవత్సరము వందల పుటల నివేదికలను పంక్తిపంక్తిగా చదివి, ఫలానా కొనుగోలు ఒప్పందమున ఫలానా అంకె ఎట్లు వచ్చినదని నిలదీయు కొందరు ప్రజాపక్షపు నిపుణులు కలరు. వీరి ప్రశ్నల ఒత్తిడివలన, మీటరులేని వ్యవసాయపు వాడకమును డిస్కం చెప్పినంతయు ఒప్పుకొనక, నమూనాగా ఎన్నుకొన్న ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి లెక్క తీయవలెనని మండలి ఆదేశించెను. పోయిన లెక్క ఆ విధముగా కొంత తిరిగి దొరికినది. హోప్ కంపెనీ ఖాతాలను తిరగవేసిన అమెరికా కమిషను చేసిన పని యిదియే.

2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టము ఈ పద్ధతిని దేశమంతటికిని విధిగా చేసెను. దరఖాస్తును ప్రకటింపవలెను, ప్రజల సూచనలను అభ్యంతరములను పరిశీలించి 120 దినములలో ఉత్తర్వు వెలువరింపవలెను, ప్రభుత్వము ఎవరికైనను రాయితీ ఈయదలచినచో ఆ సొమ్మును ముందుగా తానే చెల్లింపవలెను అని దానిలోని 64, 65 విభాగములు చెప్పుచున్నవి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన వెంటనే వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు దస్త్రముపై తొలి సంతకము చేసినప్పుడు, ఆ ఉచితముయొక్క వెల ఎంతయో ఏటేట మండలి ఉత్తర్వులో అచ్చుపడుటకు ఈ 65వ విభాగమే కారణము.

ఐనను విచారణశాలకు చేరుసరికే పెక్కు నిర్ణయములు ముగిసియుండును. 1990లలో ప్రైవేటు విద్యుత్కేంద్రములతో కుదిరిన ఒప్పందములు పెట్టుబడిపై 16 శాతము రాబడికి హామీయిచ్చెను. గోదావరి ప్రాంతమున జేగురుపాడు, కాకినాడలలో సహజవాయువుతో నడుచు కేంద్రములు ఇట్లు వచ్చినవే. వాటికి కావలసిన వాయువు ధరయో, కేంద్రప్రభుత్వము చేతిలోనిది. 2007లో కృష్ణా-గోదావరి లోతు సముద్రపు వాయువునకు పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు 4 డాలర్ల 20 సెంట్లని మంత్రుల బృందము నిర్ణయించెను. 2010లో పాతక్షేత్రముల వాయువు ధరను సైతము 1 డాలరు 79 సెంట్లనుండి అదే 4.20కి పెంచిరి. మన తీరమున పుట్టిన వాయువు ధర ఢిల్లీలో ఒక్కపెట్టున రెట్టింపునకు మించి పెరిగినప్పుడు, దాని ఫలితమును బిల్లులో కట్టవలసిన రాజమహేంద్రవరపు గృహస్థుని అభిప్రాయము ఎవరును అడుగలేదు. విద్యుచ్ఛక్తికి విచారణ కలదు; దానిని పుట్టించు ఇంధనమునకు లేదు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అన్నిటికంటె పెద్ద లోటు ఇది.

విచారణను తప్పించుకొనుట వలన భారము తగ్గదని తెలంగాణ అనుభవము చూపుచున్నది. అచట డిస్కంలు కొన్నియేండ్లు వరుసగా నివేదికలు సకాలమున సమర్పింపలేదు. చార్జీలు పెరుగలేదని జనులు సంతోషించిరి. లోటు లోలోపల పెరిగినది. 2022 మార్చిలో అచటి మండలి అనుమతించిన పెంపు ఇండ్లకు యూనిట్టునకు 50 పైసలు, తక్కినవారికి రూపాయిగా ఒక్కసారి వచ్చిపడెను. ఆంధ్రప్రదేశమున జరిగినది మరింత బోధకరము. 2014-19 కాలపు పాతలోటు క్రింద 3,669 కోట్ల రూపాయల ట్రూ అప్ చార్జీలను, అనగా అంచనాకు మించిన ఖర్చుల సర్దుబాటును, వసూలు చేసికొనుటకు 2021 ఆగస్టులో మండలి అనుమతియిచ్చెను. సెప్టెంబరు బిల్లులలో అవి కనబడగానే అలజడి పుట్టెను. బహిరంగ ప్రకటన యథావిధిగా జరుగలేదన్న అభ్యంతరము హైకోర్టునకు చేరగా, మండలి తన ఉత్తర్వును తానే ఉపసంహరించుకొని, వసూలైన సొమ్ము వినియోగదారుల ఖాతాలకు జమ చేయించి, మరల ప్రకటన ఇప్పించి, మరల విచారణ జరిపెను. ఆ విచారణానంతరము అనుమతించిన మొత్తము సుమారు 2,910 కోట్లు. నడుమనున్న ఏడువందల కోట్లకు పైబడిన తేడాను, అడుగు హక్కు విలువ ఎంతయని సందేహించువారికి చూపవచ్చును.

కాని గాలి ఇప్పుడు వేరొక దిక్కునకు వీచుచున్నది. ఇంధనపు ఖర్చులోని హెచ్చుదలను నెలనెల తమంతట తామే బిల్లులో చేర్చుకొనుటకు వీలు కలిగించుచు కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో నియమములు సవరించెను. వాని ననుసరించి ఆంధ్రప్రదేశమున 2023 ఏప్రిల్ నుండి యూనిట్టునకు 40 పైసలవరకు ముందస్తు అనుమతి లేకయే వసూలు చేయవచ్చును. అంతకు మించినది సంవత్సరాంతమున మండలి యెదుటికి వచ్చును. 2024 చివరి నెలలలో రెండు సంవత్సరముల ఇంధనపు లెక్కలపై మండలి అనుమతించిన మొత్తములు 6,072 కోట్లు, 9,412 కోట్లు. ఖర్చైపోయిన తరువాత జరుగు విచారణలో, ఎందుకు ఖర్చు చేసితిరని అడుగుటయే కాని, చేయకుడని చెప్పుటకు అవకాశము లేదు.

ఇక హైదరాబాదు, విజయవాడ, కాకినాడలలో వంటింటికి గొట్టముద్వారా వచ్చు సహజవాయువు సంగతి. పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డును స్థాపించు చట్టము 2006లో వచ్చినను, నగరములలో వాయువు పంపిణీ చేయు సంస్థలు వినియోగదారునకు అమ్ము ధరను నిర్ణయించు అధికారము ఆ బోర్డునకు లేదని సుప్రీంకోర్టు 2015లో తేల్చెను. కాబట్టి కరెంటు బిల్లుపై అభ్యంతరము వ్రాసికొన్న గృహస్థుడు, గ్యాసు బిల్లుపై కూడ అట్టి పత్రమే వ్రాయదలచినచో, దానిని సమర్పించుటకు నేటికిని ఒక కార్యాలయము లేదు.